జీతం మానే ముందు ఇంట్లో వేయవలసిన లెక్క



క్రిస్మస్ వెళ్లి సంక్రాంతి వచ్చేలోగా మా ఉప్పలగుప్తం మండలంలోని ఇళ్లు పిల్లలతో నిండిపోతాయి. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి, చెన్నై నుంచి, కువైట్ నుంచి వస్తారు. ఆదివారం ఆరాధన ముగిశాక, అందరూ గుమ్మం దాటాక, ఎవరో ఒక అబ్బాయి వెనక ఆగి, గొంతు తగ్గించి ఒక మాట అంటాడు: "అయ్యగారూ, ఉద్యోగం మానేసి సొంతంగా ఏదైనా పెట్టుకుందామనుకుంటున్నానండీ. ప్రార్థన చేయండి."

ప్రార్థన తప్పకుండా చేస్తాను. ఆ తర్వాత ఒక్క ప్రశ్న వేస్తాను. "ఈ మాట ఇంట్లో చెప్పావా, బాబూ?" చాలామంది చెప్పే జవాబు ఒకటే: "ఇంకా లేదండీ, అన్నీ కుదిరాక చెబుదామని." ఈ నెల ఈ శీర్షికలో ఆ జవాబు గురించే రాస్తున్నాను. ఎందుకంటే చితికిపోయిన వ్యాపారాలను చూసినప్పుడు, సరుకు చెడిపోవడం కంటే ముందు ఇంట్లో మాట చెడిపోవడమే ఎక్కువగా కనబడుతుంది.

నెల జీతం ఒక మనిషి పేర వస్తుంది. దాని మీద బతికేది ఒక ఇల్లు. నాన్నగారి బి.పి. మాత్రలు, చెల్లి కాలేజీ ఫీజు, చీటీ పాట, పిల్లవాడి స్కూలు బస్సు, పెంకుటింటి మీద తెచ్చిన అప్పు, అన్నీ ఆ ఒకటో తారీఖు మీదే వేలాడుతుంటాయి. ఉద్యోగం మానేది ఒక్కడే అయినా, ఒకటో తారీఖు పోయేది అందరికీ. అందుకని లెక్క కూడా అందరి ముందే వేయాలి. నేను చెప్పదలచినది ఇదే. మిగిలినదంతా ఆ లెక్క ఎలా వేయాలో చెప్పే ప్రయత్నం.

ఉద్యోగమే మొదటి బడి

జీతం మానేసి సొంతంగా నిలబడినవారిలో తెలుగువారందరికీ తెలిసిన పేరు డాక్టర్ కల్లం అంజిరెడ్డిగారిది. ఆయన 1939లో గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు పండించే రైతు ఇంట పుట్టారు. పూనాలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో డాక్టరేటు చేశారు. 1969లో హైదరాబాదులోని ప్రభుత్వ మందుల కర్మాగారం ఐ.డి.పి.ఎల్.లో చేరారు. ఆరేళ్లు అక్కడ పనిచేసి 1975లో బయటికి వచ్చారు.

బయటికి వచ్చిన మర్నాడే ఆయన పేరుతో బోర్డు లేవలేదు. 1976లో యూనిలాయిడ్స్ అనే సంస్థలో భాగస్వామిగా మొదలుపెట్టారు. 1980లో స్టాండర్డ్ ఆర్గానిక్స్‌కు మారారు. 1984లో సుమారు 25 లక్షల రూపాయల పెట్టుబడితో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ ప్రారంభించారు. ఉద్యోగం మానిన నాటికీ సొంత పేరుతో కంపెనీ పెట్టిన నాటికీ మధ్య తొమ్మిదేళ్లు ఉన్నాయి. ఆ కంపెనీ 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో చేరింది. ఆయన 2013 మార్చిలో కన్నుమూశారు.

ఈ కథ చెప్పేవారు సాధారణంగా 25 లక్షలను, న్యూయార్కును చెబుతారు. ఐ.డి.పి.ఎల్.లో గడిచిన ఆరేళ్లను దాటేస్తారు. మన అబ్బాయిలకు పనికివచ్చేది ఆ ఆరేళ్లే. మందును గ్లాసు సీసాలో చేయడం వేరు, ట్యాంకులలో టన్నుల లెక్కన చేయడం వేరు. ఆ రెండోది ఆయన జీతం తీసుకుంటూ నేర్చుకున్నారు. ఆయన ఒక్కరే కాదు, హైదరాబాదు చుట్టూ తర్వాత లేచిన ఎన్నో మందుల కంపెనీల వెనుక ఐ.డి.పి.ఎల్.లో పని నేర్చిన చేతులున్నాయి.

మరొక సంగతి కూడా గమనించండి. 1970లో చేసి 1972 నుంచి అమలైన పేటెంట్ల చట్టం మందుకు పేటెంటు తీసివేసి, మందును తయారుచేసే పద్ధతికి మాత్రమే ఉంచింది. వేరే పద్ధతి కనిపెట్టగలిగితే ఆ మందును అప్పట్లో మన దేశంలో ఎవరైనా చేయగలిగేవారన్నమాట. చేతిలో విద్య ఉన్నవానికి చట్టం తలుపు తీసింది. ఆ తలుపు సరిగ్గా ఆయన నేర్చుకున్న పని ముందే తెరుచుకుంది.

కాబట్టి, తమ్ముడూ, ఉద్యోగం మానేముందు నిన్ను నీవు అడగవలసిన మొదటి మాట ఇది: "ఈ కంపెనీలో నేను ఏమి నేర్చుకున్నాను? అది నేను పెట్టబోయే దానికి పనికివస్తుందా?" నాలుగేళ్లు బ్యాంకు అప్పుల వసూళ్లు చూసినవాడికి ఎవరికి సరుకు అరువు ఇవ్వవచ్చునో, ఎవరికి ఇవ్వకూడదో తెలుస్తుంది. కొరియర్ గోదాములో పనిచేసినవాడికి సరుకు విరగకుండా కట్టడం తెలుస్తుంది. కువైట్‌లో పదిమంది ఉన్న వంటగది నడిపిన అక్కకు సరుకుల లెక్క తెలుస్తుంది. ఇదంతా పెట్టుబడే. దీనికి వడ్డీ లేదు. ఉద్యోగంలో ఏమీ నేర్వకుండా విసుగుతో మాత్రమే బయటికి వస్తే, ఆ విసుగు దుకాణంలోకి కూడా మనతోనే వస్తుంది.

ఆదాయం రాని సంవత్సరాలు

రెండో ఉదాహరణ నెల్లూరు జిల్లావారైన కె.ఐ. వరప్రసాదరెడ్డిగారు. ఆయన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. ప్రభుత్వ కొలువులు చేసి, మానేసి ఒక బ్యాటరీల కంపెనీలో డబ్బు, శ్రమ పెట్టారు. భాగస్వాములతో పొసగక అందులోనుంచి బయటికి రావలసి వచ్చింది. ఆ తర్వాత 1993లో హైదరాబాదులో తన తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. కామెర్ల జబ్బుల్లో ప్రాణాంతకమైన హెపటైటిస్-బి కి టీకా మన దేశంలోనే చేయాలన్నది సంకల్పం. అప్పటికి దిగుమతి టీకా ఒక్క మోతాదుకు వందల రూపాయలు ఉండేది. శాంతా టీకా 1997 ఆగస్టులో బజారుకు వచ్చింది. దాని ధర సుమారు 50 రూపాయలు.

1993 నుంచి 1997 వరకు ఎన్నేళ్లో వేలు మడిచి లెక్కపెట్టండి. నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లూ ఖర్చే గాని అమ్మకం లేదు. మన దేశపు బ్యాంకులు ముందుకు రాకపోతే ఒమాన్ దేశం నుంచి పెట్టుబడి దొరికింది. దొరకకపోయి ఉంటే ఆ టీకా వచ్చేది కాదు.

మన అబ్బాయి పెట్టేది టీకాల కంపెనీ కాకపోవచ్చు, పీచు తాళ్ల యూనిట్టో, బేకరీయో, సెల్ ఫోన్ల మరమ్మతు దుకాణమో కావచ్చు. అయినా ఆ కాలం చిన్నదిగా నైనా తప్పదు. షెడ్డు వేయాలి, కరెంటు మీటరు రావాలి, మిషను దిగాలి, మొదటి సరుకు చెడిపోవాలి, రెండోది అరువు మీద పోవాలి, ఆ అరువు వసూలు కావాలి. అప్పటికి సంవత్సరం తిరిగిపోతుంది. ఆ సంవత్సరం ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందన్నది వ్యాపారపు ప్రశ్న కాదనుకుని వదిలేసేవారే ముందుగా నగలు తాకట్టుకు తీసుకెళ్తారు.

పక్కవాడు తవ్వాడని

మన కోనసీమ తీరానికి తెలిసిన పాఠం ఒకటుంది. 1990ల మొదటి సంవత్సరాల్లో టైగర్ రొయ్య బంగారంలా పండింది. ఒకరు చెరువు తవ్వితే పక్కవారు తవ్వారు. ఉద్యోగస్తులు సెలవు పెట్టి, ఇంట్లో ఉన్నదీ లేనిదీ తెచ్చి గట్ల మీద కూర్చున్నారు. 1994, 95 ప్రాంతాల్లో తెల్లమచ్చ వైరస్ వచ్చింది. ఒక చెరువు నీరు మరో చెరువులోకి పోయే చోట రోగం కూడా అలాగే పోయింది. పక్కపక్కనే తవ్వినవారు పక్కపక్కనే నష్టపోయారు.

2009లో మన దేశంలో వన్నామి రొయ్య పెంపకానికి అనుమతి వచ్చింది. మళ్లీ చెరువులు నిండాయి. ఎన్నో కుటుంబాలు నిలదొక్కుకున్నాయి, అది కాదనలేము. అయితే 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, ఆ దెబ్బ నేరుగా మన గట్ల మీదికే వచ్చింది. చెరువు మనది, మేత మనది, రాత్రి కాపలా మనది, కానీ ధర చెప్పేవాడు సముద్రానికి అవతల ఉన్నాడు.

రొయ్యల సాగు చెడ్డదని నా భావం కాదు. పక్కవాని లాభం మన కంటికి కనబడుతుంది, అతని అప్పు కనబడదు. "వాడికి కలిసొచ్చింది" అన్నది మనం పనిలో దిగడానికి కారణం కాకూడదు. ఈ సరుకు ఎవరు కొంటారు, ధర ఎవరు నిర్ణయిస్తారు, ఒక పంట పోతే రెండో పంటకు డబ్బు ఎక్కడిది, ఈ మూడింటికి జవాబు ఉండాలి. 1996 నవంబరు 6వ తేదీ తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసి, మన కొబ్బరిచెట్లను వరుసలు వరుసలుగా పడగొట్టింది. కొత్త మొక్క నాటితే దింపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఒక్క ఆధారం మీదే ఇల్లంతా నిలబెట్టకూడదని ఈ నేలమీద పుట్టినవారికి వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

చేసేవారు ఒకరు, అమ్మేవారు ఒకరు

ఇక మన ఇళ్లలోనే ఉన్న వ్యాపారాల సంగతి చూద్దాం. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరి ఆకుల మంట, బియ్యపు పిండిలో ముంచిన గుడ్డ, ఒక్క తడవ కుండ మీద ఆనిస్తే పల్చని రేకు. ఆ పని చేసే చేతులు ఆడవారివి. రేకు తీసే ఇల్లు ఒకటి, నెయ్యి, బెల్లం చల్లి చుట్టే చోటు ఒకటి, అట్టపెట్టెలో పెట్టి ఊళ్లకు పంపే దుకాణం మరొకటి. సాధారణంగా ఎక్కువ లాభం ఆ మూడో చోట మిగులుతుంది. రేకు తీసే తల్లికి పొయ్యి సెగ మిగులుతుంది.

నర్సాపురం లేసు కథ ఇంతకంటే పాతది. 19వ శతాబ్దపు మధ్యకాలంలో స్కాట్లాండు నుంచి వచ్చిన మిషనరీలు గోదావరి తీరాన ఆ అల్లికను నేర్పారు. వశిష్ఠకు ఇవతల రాజోలు వైపు పల్లెల్లోనూ అది వ్యాపించింది. మన అమ్మమ్మలు ఎందరో ఆ సూదితోనే పిల్లల్ని చదివించారు. 2024లో ఆ లేసుకు కూడా భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1970ల చివరలో మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ పల్లెలకు వచ్చి, ఆ స్త్రీలతో మాట్లాడి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లే ఆ స్త్రీలను ఎవరూ పనివారిగా లెక్కించలేదని, ఇంట్లో ఖాళీగా ఉండి చేసే పనిగా చూశారని, సరుకు విదేశాలకు వెళ్లి డబ్బు వర్తకులకు చేరిందని ఆమె రాసింది.

ఈ రెండింటిలోనుంచి మనం నేర్వవలసినవి రెండు.

మొదటిది, సరుకు చేయడం ఒక విద్య, అమ్మడం మరొక విద్య. కంపెనీలో అమ్మకాలో, లెక్కలో, కంప్యూటరులో నేర్చి వచ్చిన కొడుకు ఆ రెండో విద్యను ఇంటికి తేగలడు. అమ్మ చేతిలో ఏళ్ల తరబడి ఉన్న పనితనానికి పెట్టె, పేరు, ధర, హైదరాబాదు నుంచి ఆర్డరు తెచ్చిపెట్టగలడు. ఊరికి తిరిగివచ్చేవాడు తెలియని వ్యాపారం వెతుక్కోవడం కంటే, తన ఇంట్లో ఉన్న పనికి తన ఉద్యోగపు విద్యను జోడిస్తే నిలబడే అవకాశం ఎక్కువ.

రెండోది మరీ ముఖ్యం. "సొంత వ్యాపారం, కూలి ఖర్చు లేదు" అని కొందరు గొప్పగా చెబుతారు. కూలి ఎందుకు లేదు? తెల్లవారి నాలుగు గంటలకు లేచి పిండి కలిపే భార్య ఎవరు? దుకాణం మీద కూర్చునే అమ్మ ఎవరు? బడి నుంచి వచ్చి పొట్లాలు కట్టే పిల్ల ఎవరు? వారి పనికి నోటుపుస్తకంలో ఒక వరుస ఉండాలి. నెలకు ఇంత అని రాయాలి, ఇవ్వగలిగితే చేతికి ఇవ్వాలి. అది రాశాక కూడా లాభం మిగిలితే అది లాభం. రాయకముందు మిగిలినది ఇల్లాలి కష్టం. ఆ తేడా తెలియక పదేళ్లు దుకాణం నడిపినవారున్నారు.

అకుల, ప్రిస్కిల్ల

పరిశుద్ధ గ్రంథంలో ఈ విషయానికి దగ్గరగా ఉన్న కుటుంబం ఒకటుంది. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో అకుల, ప్రిస్కిల్ల కనబడతారు. క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞ వలన రోమా పట్టణం విడిచి కొరింథుకు వచ్చినవారు. ఊరు పోయింది, చేతి పని పోలేదు. డేరాలు కుట్టడం వారి వృత్తి. పౌలు కూడా అదే వృత్తివాడు గనుక వారితో కలిసి పనిచేశాడు. భార్యాభర్తల పేర్లు గ్రంథంలో ఎక్కడ వచ్చినా కలిసే వస్తాయి. కొన్ని చోట్ల ఆమె పేరే ముందు వస్తుంది. వారి పని ఇద్దరిది, వారి ఇల్లు ఇద్దరిది, కష్టం కూడా ఇద్దరిది.

లూకా సువార్త 14వ అధ్యాయంలో గోపురం కట్టబోయేవాడు ముందుగా కూర్చుని ఖర్చు చూసుకోవాలని ప్రభువు చెప్పిన సంగతి మనకు తెలిసినదే. పునాది వేసి ముగించలేకపోతే చూసేవారు నవ్వుతారు. ప్రభువు శిష్యత్వం గురించి చెప్పినా, లెక్క చూసుకోవడం అవిశ్వాసం కాదని దానిలోనే తేలుతోంది. "అయ్యగారూ, విశ్వాసంతో అడుగువేస్తున్నాను, లెక్కలు అడగకండి" అనేవారికి ఆ వాక్యం చాలు.

కాగితం మీద రాయవలసినవి

ఒక తెల్ల కాగితం తీసుకోండి. ఇంట్లో పెద్దవారందరూ కూర్చోండి. ఈ ఐదు రాయండి.

1. ఇంటి ఖర్చు. గత సంవత్సరం ఖర్చు నెల నెలా రాసి కూడండి. పండుగ, పెళ్లి కానుకలు, ఆసుపత్రి కూడా. ఉదాహరణకు నెలకు 22,000 రూపాయలు తేలితే ఏడాదికి 2,64,000. ఇది వ్యాపారపు పెట్టుబడి కాకుండా వేరే ఖాతాలో ఉండాలి. ఎంత అత్యవసరమైనా మిషను కోసం ఆ ఖాతా ముట్టుకోకూడదు.

2. ఉద్యోగం నుంచి వచ్చేవి. శాశ్వత ఉద్యోగికి ఐదేళ్ల సర్వీసు నిండితే గ్రాట్యుటీ హక్కుగా వస్తుంది. ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున, నెలను 26 రోజులుగా లెక్కించి ఇస్తారు. మూలవేతనం, కరువు భత్యం కలిపి 20,000 ఉన్నవాడు ఆరేళ్లు చేసి మానితే సుమారు 69,230 రూపాయలు వస్తాయి. నాలుగేళ్లు దాటినవాడు కొన్ని నెలలు ఓపికపడితే ఇల్లు గడిచే డబ్బు వస్తుంది. ప్రావిడెంట్ ఫండులో పింఛను భాగానికి పదేళ్ల సర్వీసు కావాలి. అంతకుముందే మానేవారు స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని దాచుకుంటే, రేపు మళ్లీ ఉద్యోగంలో చేరినప్పుడు పాత సర్వీసు కలుస్తుంది. ఆ డబ్బు మొత్తం తీసి వ్యాపారంలో పోయకండి.

3. ఉద్యోగంతో పోయేవి. కంపెనీ ఇచ్చిన వైద్యబీమా ఉద్యోగంతోనే ఆగిపోతుంది. మానేముందే కుటుంబానికి వేరే బీమా చూసుకోండి. ఒక్క ఆపరేషను చాలు, దుకాణం మూతపడడానికి.

4. అప్పు. 2015లో మొదలైన ముద్రా పథకంలో పది లక్షల వరకు ఆస్తి తాకట్టు లేకుండా అప్పు ఇచ్చే ఏర్పాటు చేశారు. 2024 బడ్జెట్టులో, తరుణ్ విభాగం అప్పు సరిగా తీర్చినవారికి దాన్ని 20 లక్షలకు పెంచారు. 2008లో వచ్చిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో, 2022 సవరణ ప్రకారం, తయారీ యూనిట్టు విలువ 50 లక్షల వరకు, సేవల యూనిట్టు 20 లక్షల వరకు ఉండవచ్చు. పల్లెల్లో సాధారణ వర్గాలకు 25 శాతం, స్త్రీలు, షెడ్యూల్డు కులాలు, వెనుకబడిన తరగతులు, మైనారిటీలు మొదలైనవారికి 35 శాతం రాయితీగా నిర్ణయించారు. క్రైస్తవులు మైనారిటీల కింద వస్తారు. చాలామందికి తెలియని సంగతి ఏమంటే, ఆ రాయితీ డబ్బు చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్టుగా ఉండి, యూనిట్టు నడుస్తుంటేనే అప్పులో జమ అవుతుంది. రాయితీ కోసం యూనిట్టు పెట్టేవారు ఇక్కడే దెబ్బతింటారు. మీరు దరఖాస్తు చేసేనాటికి ఏ నిబంధన ఉందో జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి స్వయంగా అడగండి. మధ్యవర్తికి డబ్బు ఇవ్వకండి. చిన్న పరిశ్రమగా ఉద్యమ్ నమోదుకు ప్రభుత్వం ఒక్క రూపాయి తీసుకోదు.

5. గడువు. ఇది అందరూ మరచిపోయే వరుస. "ఫలానా నెల వరకు చూస్తాం. అప్పటికి నెలకు ఇంత మిగలకపోతే ఆపేస్తాం, లేదా ఒకరు మళ్లీ ఉద్యోగానికి వెళతాం" అని ముందే రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. నష్టం మధ్యలో ఉన్నప్పుడు ఆ నిర్ణయం తీసుకునే శక్తి మనిషికి ఉండదు. చేతిలో పదివేలున్ననాడు వేసిన గీతే, అప్పు పది లక్షలైననాడు కాపాడుతుంది.

వీలున్నవారికి మరొక సలహా. ఒక్కసారిగా మానకుండా, సెలవుల్లోనూ ఆదివారం సాయంత్రాల్లోనూ చిన్నగా మొదలుపెట్టి చూడండి. మీ కంపెనీ నిబంధనలు అందుకు ఒప్పుకుంటాయో లేదో ముందు చూసుకోండి. ఇరవై పెట్టెలు అమ్మలేనివారు రెండు వందలు అమ్మలేరు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేవాడు, అది గట్టుకు ఆనిందా, తాడు బిగించారా చూసే కాలు పెడతాడు. ఒక కాలు గట్టు మీద, ఒక కాలు పంటు మీద ఉండే ఆ కాసేపు సిగ్గుపడవలసినది కాదు. క్షేమంగా ఎక్కే పద్ధతి అదే.

ముట్టుకోకూడనివి

ఏ వ్యాపారానికైనా మూడింటిని దూరంగా ఉంచండి.

ఒకటి, తలమీద ఉన్న ఇంటి పత్రాలు. తల్లిదండ్రులు వృద్ధాప్యంలో ఉన్న ఇంటిని తాకట్టు పెట్టి కొడుకు చేసే వ్యాపారం, నష్టం వచ్చిననాడు ఇద్దరు ముసలివారిని వీధిన పడేస్తుంది. వారు "తీసుకో నాయనా" అంటారు. తల్లిదండ్రులు ఎప్పుడూ అలాగే అంటారు. అందుకే వద్దనవలసినది నీవే.

రెండు, ఇల్లాలికి తెలియని అప్పు. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 36 రూపాయలు. అంత లాభం ఇచ్చే నిజాయితీగల చిన్న వ్యాపారం అరుదు. బీరువాలోని నగ కనబడకపోయిననాడు ఆమె అడిగే ప్రశ్నకు జవాబు చెప్పడం కంటే, తాకట్టుకు ముందే చెప్పడం ఎంతో తేలిక.

మూడు, సంఘంలోని సహవాసం. ఆరాధనలో పక్కన కూర్చునే సహోదరుని దగ్గర "వాటా ఇస్తాను" అని డబ్బు తీసుకోవడం, స్త్రీల మైత్రిలో చీటీ డబ్బు మళ్లించడం, పెద్దల్ని హామీ సంతకం అడగడం మంచిది కాదు. ఇతరుల అప్పుకు పూటపడేవాని కింది పరుపు కూడా పోతుందని సామెతల గ్రంథం 22వ అధ్యాయం హెచ్చరిస్తుంది. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. ఆ సహోదరుడు మళ్లీ ఆ గుమ్మం తొక్కకపోతే ఆ నష్టం ఎవరు తీరుస్తారు?

తిరిగి వెళ్లినవారు

చివరిగా ఊరివారికి, సంఘస్తులకు ఒక మనవి. మన మధ్య కొందరు ప్రయత్నించి, నష్టపోయి, మళ్లీ ఉద్యోగానికి వెళ్లారు. "పెద్ద వ్యాపారస్తుడయ్యాడు, చూశాం" అని రచ్చబండ మీద నవ్వే నవ్వు వారి ఇంట్లో భార్యాపిల్లలకు వినబడుతుంది. ఆ నవ్వుకు భయపడే ఎందరో, మూసేయవలసిన దుకాణాన్ని మరో అప్పు తెచ్చి నడుపుతున్నారు. తిరిగి జీతానికి వెళ్లడం ఓటమి కాదని మనం నోరు తెరిచి చెప్పాలి. గడువు పెట్టుకుని, గడువు నాడు ఆగినవాడు మాట మీద నిలబడినవాడు.

అలాగే నిలదొక్కుకున్నవారిని కూడా ఒక మాట అడుగుతున్నాను. మీ దగ్గర పనిచేసే పిల్లలకు రేపు సొంతంగా నిలబడే విద్య నేర్పండి. కొనుగోలు ఎలా చేయాలో, పుస్తకం ఎలా రాయాలో దాచకండి. మీరు కూడా ఒకనాడు ఒకరి దగ్గర జీతం తీసుకుంటూనే నేర్చుకున్నారు.

ఈ నెల ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థన అయ్యాక, పాటల పుస్తకం పక్కన ఆ తెల్ల కాగితం పెట్టి కూర్చోండి. ఇంట్లో ఉద్యోగం మానే ఆలోచన ఉన్నవారు నోరు విప్పి చెప్పండి. వినేవారు మధ్యలో అడ్డుపడకుండా వినండి. ఐదు వరుసలూ నిండేవరకు లేవకండి. ఏదైనా వరుస ఖాళీగా మిగిలితే ఉద్యోగం మానే తేదీని ముందుకు జరపండి. అన్నీ నిండి, ఇల్లంతా ఒక్క మాట మీద ఉంటే ధైర్యంగా మొదలుపెట్టండి. మీ చేతుల పనిని దేవుడు దీవించును గాక.